సూడు సూసి పొయ్యి

అక్కకు చెవులు సరిగ్గా వినిపించడం లేదని మేనకోడలు మీనా ఫోన్లో చెప్పినప్పుడు నాకు ముందుగా కలిగింది జాలి కాదు. సంతోషం అనడానికి నోరు రావడం లేదు గాని, దానికి బాగా దగ్గరి చుట్టమే. డెబ్బై దాటిన ఆడమనిషికి చెవులు మందగిస్తే తోడబుట్టినవాడు లోపల్లోపల తృప్తి పడతాడా అని మీరు అడగవచ్చు. ఆ చెవులు ఎలాంటివో, వాటి వల్ల నేను ఎంత కుళ్ళిపోయానో తెలిస్తే అడగరు. ముదలియార్‌పేటలోని నా ఇంటి నుంచి మూలకుళానికి పెద్ద దూరమేమీ లేదు. అయినా నేను అక్క ఇంటికి ఏడాదికి రెండుసార్ల కంటే ఎక్కువ పోను. ఈసారి మాత్రం మర్నాడే బయలుదేరాను. పరామర్శకు పోతున్నానని మా ఆవిడతో చెప్పాను. అసలు సంగతి, నా కళ్ళతో చూసుకోవాలనిపించింది.

పోయేసరికి ఇంటి ముందు ఒక పాత పికప్ బండి నోరు తెరుచుకుని నిలబడి ఉంది. మీనా మొక్కల తోట నడుపుతుంది. కుండీలూ ఎరువుమట్టీ మోయడానికని ఆ బండిని సెకండ్‌హ్యాండ్‌లో కొంది. కాలితో తొక్కే క్లచ్ ఉండదు, గేర్లు వాటంతట అవే మారే రకం. "రండి మామా," అంది మీనా చేతులు తుడుచుకుంటూ. మా ఇళ్ళలో బండిని అరవం మాదిరి వండి అంటారు. "ఈ వండితో సస్తాండా. పొద్దున బాగానే పోతాది. రొంత దూరం పోయినంక రెండు నుంచి మూడుకి మారేటప్పుడు ఇంజను అరస్తాది గాని వండి లాగదు. ఒక షెడ్డులో కంప్యూటర్ పెట్టి సూసి ఏమీ తెలీలేదన్న్యారు. ఇంకో షెడ్డులో గేరుబాక్సే మార్చాలన్న్యారు." నేను సరేలే అని తలూపి, అక్క ఏదని అడిగాను. మీనా గడ్డంతో బండివైపు చూపించింది. ఇంజను నడుస్తుండగా అక్క డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. కళ్ళు మూసుకుని ఉంది. అరచెయ్యి గేరు లివరు మీద ఆన్చి ఉంది. చెవిలో పెట్టుకునే మిషను తీసి అద్దం దగ్గర పడేసింది. అది చూడగానే నా కడుపులో పాత మంట, అక్కడే, ఆ మూలే, మళ్ళీ రాజుకుంది. యాభై ఏళ్ళయినా దాని అడ్రసు మారలేదు.

మా నాయన మిల్లులో ఫిట్టరు. పొద్దున మిల్లు సంగు, అదే సైరను, ఊదితే పోయేవాడు, మధ్యాహ్నం సంగు ఊదితే వచ్చేవాడు. మా ఇంట్లో గడియారం ఉండేది గాని దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కారు. వచ్చాక ఇంటి వెనక రేకుల షెడ్డులో ఊళ్ళోవాళ్ళ బండ్లు బాగుచేసేవాడు. చీకటి పడే వేళకు కిరసనాయిలూ రంపప్పొట్టూ కలిపి చేతులు రుద్దుకుని, ఆపైన బట్టల సబ్బుతో కడుక్కునేవాడు. అయినా వాసన పోయేది కాదు. అన్నంలో కలిపిన చారు వాసనా, ఆయన చేతి గ్రీజు వాసనా కలిసి వస్తే నాకు నాయన ఇంట్లో ఉన్నాడని అర్థం. అమ్మ ఇత్తడి లోటాలో కాఫీ ఇచ్చేది. ఆయన లోటా ముట్టుకోకముందే ప్రతిరోజూ ఒకే మాట అడిగేవాడు.

"సూడుందా?"

"సూడుగానే ఉండాది, సూడు," అనేది అమ్మ.

పక్కనే పడకకుర్చీలో ఉన్న తాత నుదురు కొట్టుకునేవాడు. "వేడి అనండి! వేడి! ఆ రెండో దాన్ని చూడు అనండి! ఒక్క మాటతో ఇద్దరు మొగుళ్ళు ఏందే మీకు?" అని అరిచేవాడు. ఆయన బాధ ఆయనది. మాది తరాల కిందట ఈ తమిళ ఊరు చేరిన తెలుగు. అరవం చాలా ఇళ్ళలోకి వాకిట్లో నుంచి వచ్చింది, మా ఇంట్లోకి వంటింట్లో నుంచే వచ్చింది. అరవంలో సూడు అంటే వేడి. మా తెలుగులో సూడు అంటే చూడమని. ఇంట్లో అందరూ రెండింటినీ ఒకే నోటితో అనేవాళ్ళు, ఎవరికీ ఎప్పుడూ తికమక కలిగేది కాదు. తాత మాత్రం చిన్నప్పుడు వీధిబడిలో తెలుగు అక్షరాలు దిద్దిన మనిషి. ఆ అక్షరాలు తనతోనే పోతాయని బెంగ. వాటిని నాకు నేర్పాడు. అక్కకు నేర్పలేదు. ఆడపిల్లకెందుకు అన్నాడో, అసలు ఆ ఆలోచనే రాలేదో, నాకు తెలియదు. తాత పోయాక ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అదే నా గొప్ప. నోటుబుక్కులో నాకు తోచిందల్లా తెలుగులో రాసుకుని నడింట్లో తెరిచి పెట్టి పోయేవాణ్ణి. ఎవరు చదువుతారు గనక? తాత మాట ప్రకారం నేను అరవం ముక్క నోట్లోకి రానిచ్చేవాణ్ణి కాను. కాఫీ వేడిగా ఉందా అని అడిగేవాణ్ణి. ఇంట్లోవాళ్ళు నవ్వుకునేవారు.

ఆ ఒక్కటి తప్ప మిగతావన్నీ అక్కవే. అక్క పేరు కనక. నాకంటే మూడేళ్ళు పెద్దది. నాకు పదిహేడప్పుడు ఆమెకు ఇరవై. షెడ్డులోకి రమ్మని ఆమెను ఎవరూ పిలవలేదు. స్పానర్లు అందించడానికి పోయి పోయి, ఒకరోజు నాయన ఏ నంబరు అడగబోతాడో అడగకముందే అందించడం మొదలుపెట్టింది. గేరు ఆయిల్లో ముంచిన కొలపుల్లను ముక్కు దగ్గర పెట్టుకుని, "మాడిండాది నాయనా," అనో, "ఇంకా పచ్చిగానే ఉండాది," అనో చెప్పేది. ఆయిలు మాడిన వాసన వస్తే లోపలి క్లచ్ బిళ్ళలు కాలినట్టు, అంటే పెట్టె విప్పక తప్పదు. రాకపోతే తప్పు బయట ఎక్కడో ఉన్నట్టు. నేనూ వాసన చూశాను. నాకు అన్నీ ఆయిలు వాసనే వచ్చేవి.

ఆ రోజుల్లో ఊళ్ళో ఉండిన ఒక తెల్లదొర వెళ్ళిపోతూ తన అమెరికా పికప్‌ను అమ్మేశాడు. దాన్ని బజారులో ఇత్తడి పాత్రల అంగడి నడిపే శెట్టిగారు కొన్నారు. స్టీరింగు ఎడమవైపు, గేర్లు వాటంతట అవే మారేవి. ఊళ్ళో అలాంటిదాన్ని విప్పి చూసిన మెకానిక్కు మా నాయన తప్ప ఇంకొకడు లేడు. ఆయన కుర్రతనంలో ఒక దొర ఇంట్లో కార్లు తుడిచే పనిలో ఉండి చూసి నేర్చుకున్నాడు. బండి మా షెడ్డుకు వచ్చేసరికి దాని జబ్బు ముదిరింది. ఇంజను గొంతు చించుకునేదాకా మొదటి గేరులోనే ఉండేది, తర్వాత ఎవరో వెనక నుంచి గుద్దినట్టు దబ్బుమని రెండులో పడేది. నాయన రెండు రోజులు చూశాడు. ఆయిలు ఎర్రగా శుభ్రంగా ఉంది, మాడిన వాసన లేదు. అయినా చివరికి పెట్టె దించుదామని కింద దిమ్మెలు పేర్చాడు.

అక్క బానెట్ పక్కన కళ్ళు మూసుకుని నిలబడింది. ఇంజను ఊగిపోతోంది. "నాయనా, బుస్సుమంటాండాది," అంది.

"యాడ?"

"ఎనకతట్టు. కింద. పాము మాదిరి."

ఆమె వేలు చూపించిన చోట ఇంజను నుంచి గేరుపెట్టెకు పోయే చిన్న రబ్బరు గొట్టం ఉంది. ఇంజను పీల్చే గాలిని బట్టి గేరు ఎప్పుడు మారాలో ఆ గొట్టమే పెట్టెకు తెలియజేస్తుంది. దాని మెడ దగ్గర వెంట్రుకంత పగులు. నాయన బొటనవేలు ఆ పగులు మీద పెట్టగానే ఇంజను గొంతు దిగింది. వేలు తీస్తే మళ్ళీ ఊగింది. పెట్టాడు, తీశాడు, పెట్టాడు. ఆయన ముఖంలో అలాంటి వెలుగు నేను పరీక్షల్లో మొదటివాడిగా వచ్చినప్పుడు కూడా చూడలేదు. గొట్టం చివర కోసి మళ్ళీ బిగించి వీధిలో తిప్పుకొచ్చారు. గేర్లు మారుతున్నట్టే తెలియలేదు. నాయన దిగి, గ్రీజు చేత్తోనే అక్క తల నిమిరాడు. "నా సెవి నీకొచ్చింది కనకా," అన్నాడు.

ఆ మాట నా ఎదురుగానే అన్నాడు. నేను కొడుకుని. నాకేమొచ్చింది? ఆ రోజు నాకు అన్నం సహించలేదు. తర్వాత చాలా రోజులు ఎవరూ లేనప్పుడు షెడ్డులోకి పోయి, బండి నడుస్తూ ఉంటే దాని పక్కన కళ్ళు మూసుకుని నిలబడేవాణ్ణి. కాకుల అరుపూ, పక్కింటి రేడియో వినిపించేవి. బండి మాత్రం నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. అక్క మీద నాకు ప్రేమ లేదని కాదు. కాని ఆమె నాయన పక్కన వంగి, ఇద్దరూ ఒకే లైటు కింద తలలు ఆనించి ఏదో మాట్లాడుకుంటుంటే, ఆమె చెయ్యి స్పానరు జారి ఒక్క దెబ్బ తగిలితే బాగుండునని అనుకున్న రోజులున్నాయి. దాచుకుని ఏం లాభం.

శెట్టిగారి బండి ఇచ్చెయ్యాల్సిన ముందురోజు నాయన ఏదో పెళ్ళికని కడలూరు వెళ్తూ మా ఇద్దరికీ కలిపి చెప్పాడు. "పొద్దున శెట్టిగారొస్తారు. ఎర్రాయిలు తగ్గుంటే సూడు సూసి పొయ్యండి." ఇంతే. సాయంత్రం అక్క బండిని అలా తిప్పుకొచ్చి, ఇంజను ఆపకుండానే లివరును అన్ని గేర్లలోకీ తిప్పి, కొలపుల్ల తీసి చూసి, అరగ్లాసు పోసి బానెట్ మూసేసింది. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు. నాకూ తెలుసుననే అనుకున్నాను. చూడు, చూసి పొయ్యి. తాత నేర్పిన తెలుగు ప్రకారం అందులో ఇంకో అర్థానికి చోటే లేదు.

పొద్దున్నే అక్క కుళాయి దగ్గరికి పోయింది. నేను ఒక్కణ్ణే షెడ్డులోకి పోయి, చల్లగా పడి ఉన్న బండి బానెట్ ఎత్తి కొలపుల్ల తీశాను. ఆయిలు గీతకు రెండు వేళ్ళు కిందుంది! నా గుండె ఎగిరి గంతేసింది. అక్క తప్పు చేసింది! నాయన చెవి వచ్చిన కనక కొలత చూడటంలో బోల్తా పడింది. నేను చూశాను. చూసి, గీత దాకా వచ్చేటట్టు సీసా ఎత్తి పోశాను. ఎవరికీ చెప్పలేదు. నాయన వచ్చాక తీరిగ్గా, ఆమె ముందే చెబుదామని దాచుకున్నాను. అంతటితో ఆగలేక లోపలికి పోయి నోటుబుక్కులో, నా కంటే అందమైన దస్తూరి ఈ ఊళ్ళో ఎవరికీ లేదన్నంత గీరగా, "ఈరోజు అక్క తప్పు పట్టాను" అని రాశాను.

ఆ ఆయిలు వేడెక్కితే పొంగుతుందనీ, అందుకే బండి కాగి ఉన్నప్పుడు, ఇంజను నడుస్తుండగానే కొలత చూడాలనీ, చల్లగా ఉన్నప్పుడు గీతకు కింద ఉండటమే సరైనదనీ షెడ్డులో నాకొక్కడికే తెలియదు. ఎక్కువైన ఆయిల్లో పళ్ళచక్రాలు మునిగి కవ్వం మాదిరి చిలుకుతాయి. నురగ వస్తుంది. నురగకు బలం ఉండదు, క్లచ్ బిళ్ళల్ని నొక్కి పట్టలేదు. శెట్టిగారి బండి పెళ్ళివారి గంగాళాలు నింపుకుని కోసపాళయం దాకా బాగానే పోయింది. అక్కడ ఇంజను అరిచింది, బండి కదలలేదు, పొంగిన నురగ ఆయిలు పోసే గొట్టంలోంచి బయటికి కక్కి కాలుతున్న సైలెన్సరు మీద పడింది. గుప్పున పొగ లేచింది. నిప్పంటుకుందని జనం కేకలు పెడితే శెట్టిగారు పంచె చేత్తో పట్టుకుని దూకేశారట. బండిని తాళ్ళతో లాక్కొచ్చారు. సాయంత్రం నాయన ఊరి నుంచి తిరిగొచ్చేసరికి శెట్టిగారు మా వాకిట్లో నిలబడి ఉన్నారు.

"ఆడబిడ్డ సేతికి వదిలేసి నువ్వు పెండ్లికి పోతివా? మీ ఇంట్లో ఆటబొమ్మనుకుంటివా నా వండి?" అన్నారు. వీధంతా విన్నది.

నాయన బానెట్ ఎత్తాడు. కొలపుల్ల తీశాడు. నురగ, బుడగలు. "ఇది సల్లగా ఉండేటప్పుడు పోసిందే," అన్నాడు మెల్లగా. తర్వాత అక్కవైపు తిరిగాడు. "సూడు సూడకుండా పోసినావా కనకా? నీకు తెలీదా?"

ఆ క్షణంలో ఆ మాట నా చెవిలో రెండుగా చీలింది. సూడు. వేడి. నేనే పోశానని చెప్పడానికి పట్టేది ఎంతసేపు? ఒక్క ఊపిరి. అక్క, "నేను సూడు సూసే పోసినా నాయనా," అంది. ఆయన ముఖం చూసి ఆగిపోయింది. కొలపుల్ల ఆయన చేతిలోంచి తీసుకుని వాసన చూసింది. నావైపు చూసినట్టు నాకనిపించింది. నేను తలొంచుకున్నాను. నాయన ఆమెను తిట్టలేదు. అదనపు ఆయిలు తోడేసి, తిప్పి చూసి, వారంలో బండి బాగుచేసి ఇచ్చాడు. కాని ఆ తర్వాత బానెట్ ఎత్తినప్పుడు "కనకా" అని పిలవడం మానేశాడు. శెట్టిగారి మాట వీధిలో అందరి నోళ్ళలోనూ నానింది. ఆడపిల్ల ముట్టిన బండి మాకొద్దన్నవాళ్ళూ ఉన్నారు. ఆ ఏడాదే అక్క కోసపాళయంలో ఒక కుట్టుమిషన్ల అంగట్లో చేరింది. ఆ లైటు కింద చోటు నాకు ఖాళీ అయింది. నాయన నన్ను పిలిచాడు. పోయాను, స్పానర్లు తప్పుగా అందించాను, వాసనలు తప్పుగా చెప్పాను. రెండేళ్ళకు ఆయన నన్నూ పిలవడం మానేశాడు. నేను పుస్తకాల వైపు పోయాను. కుట్టుమిషన్లు చెడిపోతే ఆ అంగట్లో అక్కే బాగుచేస్తుందని తెలిసి మళ్ళీ కుళ్ళుకున్నాను. నేను తీసేసుకున్నది నా దగ్గర నిలవలేదు, ఆమె దగ్గర నుంచి పోనూ లేదు.

ఇదంతా మూలకుళంలో ఆ పికప్ పక్కన నిలబడి తలుచుకున్నాను. అక్క కళ్ళు తెరిచింది. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినావురా చిన్నోడా?" అంది, వినపడనివాళ్ళ పెద్ద గొంతుతో. చెవి మిషను పెట్టుకోమని సైగ చేశాను. "అది పెట్టుకుంటే ఊరంతా ఇనపడతాది, వండి ఇనపడదు," అంది. తర్వాత మీనాతో, "గేరుబాక్సుకు ఏమీ కాలేదు. రివర్సులో ఏస్తే లివరు సన్నంగా వణకతాండాది. ఆయిలు సాలక పంపు గాలి మింగతాండాది," అంది. మీనా ఇంజను ఆపించి, టార్చి వేసి కింద పడుకుని చూసింది. రేడియేటరు దగ్గరికి పోయే ఆయిలు పైపు కీలు తడిగా ఉంది. చుక్కలు కూడా పడటం లేదు, ఊరికే చెమ్మ. నెలల తరబడి అలా పోయింది ఆయిలు. కంప్యూటరుకు తెలియనిది, నాకు ఏనాటికీ తెలియనిది, చెవులు పోయిన మనిషి అరచేతికి తెలిసింది. చెవులు పోయాయని సంబరపడి వచ్చినవాణ్ణి నేను. నా ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

మీనా కీలు బిగించి, కొత్త ఆయిలు డబ్బా తేవడానికి లోపలికి పోయింది. తెచ్చి నా చేతికిచ్చి, తను ఫోను మోగితే తోటవైపు నడిచింది. అక్క బండిని వీధి చివరిదాకా తిప్పుకొచ్చి, ఇంజను ఆపకుండా, లివరును ఒక్కొక్క గేరులోకీ నెమ్మదిగా తిప్పి పార్కులో పెట్టింది. కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"చిన్నోడా! సూడు సూసి పొయ్యి!"

అదే మాట. నాయన గొంతులో ఎలా ఉండేదో అలాగే. నా చేతిలో డబ్బా, గరాటా. పొయ్యలేకపోయాను. యాభై ఏళ్ళు గొంతులో ఇరుక్కున్నది ఇప్పుడు బయటికొచ్చింది, అదీ మెల్లగా చెప్పడానికి వీల్లేదు. వీధంతా వినేటట్టు అరవాల్సి వచ్చింది.

"ఏ సూడు అక్కా?"

ఆమెకు వినపడింది. ఇంజను నడుస్తూనే ఉంది. "ఆ మాట ఆ దినమే అడిగుండాల్సింది," అంది.

"నీకు తెలుసా?" అని అరిచాను.

"నీ నోటుబుక్కు యాడబడితే ఆడ తెరిసి పెట్టేవాడివి గదా. ఆ దినం రాసిన కాగితం మీద ఎర్రాయిలు అంటిన నీ బొటనయేలు ముద్ర. తాత నాకు అచ్చరాలు నేర్పల్యా, నిజమే. ఆ ముద్ర సదివేదానికి అచ్చరాలు గావాల్నా ఏంది?"

ఏం రాశానో ఆమెకు ఈనాటికీ తెలియదు. తెలియాల్సినది తెలుసు. "మరి నాయనతో ఎందుకు చెప్పలేదు?"

"నువ్వే సెప్తావని సూసినా. ఈ పొద్దు సెప్తావు, రేపు సెప్తావు అని సూసినా. నాయన పోయిన దినం గూడా సూసినా." ఆమె లివరు మీద నుంచి చెయ్యి తీసింది. "కోపం లేకుండా ఎట్లుంటాదిరా? అచ్చరాలన్నీ తాత నీకే ఇచ్చె. నాకుండింది ఆ ఒక్క షెడ్డే. అదీ తీసుకుంటివి."

ఆమె కూడా నన్ను చూసి కుళ్ళుకుందని నాకెప్పుడూ తట్టలేదు. నా కుళ్ళులో నేను ఎంత మునిగి ఉన్నానంటే, ఎదుటివాళ్ళకు కూడా కడుపు ఉంటుందని మరిచిపోయాను. తప్పు నాదే అక్కా అన్నాను. ఇంజను చప్పుడులో అది ఆమెకు చేరలేదు. మళ్ళీ గట్టిగా అరిచాను. ఎదురింటి వాళ్ళు కిటికీ తెరిచి చూశారు. అక్క చేత్తో చాలు చాలన్నట్టు సైగ చేసింది.

"నా సూడు ఎప్పుడో ఆరిపాయెలే," అంది. "వండిది ఆరకముందు పొయ్యి."

కొలపుల్ల తీసి తుడిచి, దించి, మళ్ళీ తీశాను. వేలికి చురుక్కుమంది. ఆయిలు గీతకు బాగా కిందుంది. కొద్దికొద్దిగా పోసి, ప్రతిసారీ చూసి, గీత దగ్గర ఆపాను. అక్క లివరును డ్రైవులోకి లాగి బండిని వీధిలోకి పోనిచ్చింది. రెండు నుంచి మూడుకు మారిందో లేదో నాకు వినపడలేదు. మలుపు దగ్గర ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపితే తెలిసింది. ఆ చేతిని చూస్తూ నిలబడ్డాను. ఇంకా కుళ్ళుగానే ఉంది.